మాయాశశిరేఖ నుంచి నూటపదహారు దాకా

ఇంకో పది నిమిషాల్లో సినిమా అయిపోతుందనగా బందరు హాల్లో చిన్న కదలిక మొదలవుతుంది. తెర మీద విలన్ డెన్ తగలబడుతూ ఉంటుంది. హీరో ఇంకా ఆఖరి దెబ్బ కొట్టలేదు. అప్పటికే వెనక వరసల్లోంచి నలుగురైదుగురు లేచి తలుపు వైపు నడుస్తారు. అందరికంటే ముందు స్టాండులోంచి బండి తీయాలి, పెడన రోడ్డు ఎక్కాలి. మామూలు సినిమాకైతే ఈ తొందర వల్ల పోయేదేమీ లేదు. లోపల మిగిలింది పెళ్ళిపీటలూ, అందరూ కలిసి నవ్వే ఫోటో, శుభం కార్డూ. గూఢచారి కామెడీకి మాత్రం ఇది ఖరీదైన తొందర. అసలు మెలికని అందులో ఆఖరి రెండు నిమిషాలకి దాచిపెడతారు. ఈమధ్య పేర్లన్నీ పడ్డాక కూడా ఒక ముక్క అతికిస్తున్నారు. చచ్చాడనుకున్న విలన్ కళ్ళు తెరిచిన సంగతి, ముందే వెళ్ళిపోయిన పెద్దమనిషికి మర్నాడు టీ కొట్టు దగ్గర తెలుస్తుంది. అదీ ఎవరైనా చెబితే.

తుపాకీ ఉంటుంది, నవ్వు ఉంటుంది. మనవాడనుకున్నవాడు పగవాడవుతాడు, పగవాడనుకున్నవాడు మనవాడని తేలుతాడు. ఇదంతా హాలీవుడ్ సరుకని చాలామంది నమ్మకం. కృష్ణా డెల్టాకి మాత్రం ఇది మరీ కొత్త సరుకేమీ కాదు. దీని వేళ్ళు వెతుక్కుంటూ పోతే ఒకటి బందరు నాటక కంపెనీలో తేలుతుంది. రెండోది, విచిత్రంగా, ఫ్రాన్సులో.

మొదటి వేరు పేరు పింగళి నాగేంద్రరావు. 1901లో శ్రీకాకుళం వైపు రాజాం దగ్గర పుట్టినా, ఆయన చదివింది బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో. నాటకాలు రాసిచ్చింది డి.వి. సుబ్బారావు గారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి, అదీ బందరుదే. ఆ రోజుల్లో నాటక కంపెనీ అంటే మగవాళ్ళు చీర కట్టి రాణులయ్యే చోటు. ఊరికి దగ్గర్లోనే, మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ కడితే ఆయన మగవాడన్న సంగతి చూసేవాళ్ళు మరిచిపోయేవారు. ఒక మనిషి ఇంకో మనిషిలా నడవడం, మాట్లాడడం, అనుమానం రాకుండా మెలగడం గూఢచారికి ప్రాణం నిలిపే విద్య. డెల్టాలో అదొక కులవృత్తిగా, కళగా సాగింది.

ఆ పింగళి మాటలు రాయగా, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957 మార్చి 27న ‘మాయాబజార్’ వచ్చింది. దాన్ని పౌరాణికం అనడం అందరికీ అలవాటు. కిరీటాలు తీసి పక్కన పెట్టి చూస్తే అది నూటికి నూరుపాళ్ళూ గూఢచారి కామెడీ. శత్రువుల పెళ్ళి చెడగొట్టాలి, యుద్ధం రాకూడదు, మనవాళ్ళెవరికీ దెబ్బ తగలకూడదు. ఇదీ పని. పథకం వేసే పెద్ద కృష్ణుడు. రంగంలోకి దిగే ఏజెంటు ఘటోత్కచుడు. చిన్నమయ్య, లంబు, జంబు అతని బృందం. పడుకున్న పెళ్ళికూతురు శశిరేఖని మంచంతో సహా ఎత్తుకొచ్చేసి, ఆమె స్థానంలో ఆమె రూపంతో ఏజెంటే దిగుతాడు. ఎవరూ చూడనప్పుడు సావిత్రి ఒక్కసారిగా ఎస్వీ రంగారావులా భుజాలు విరుచుకుని నడిచే నడక ఉంది చూడండి, మారువేషాల కామెడీలో దాన్ని మించిన పాఠం తెలుగులో ఇంతవరకూ రాలేదు. అన్నట్టు రంగారావుగారు పుట్టింది కూడా అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులోనే.

ఇక పనిముట్లు. జేమ్స్ బాండుకి ఒక ముసలి శాస్త్రజ్ఞుడు పేలే పెన్నులూ, నీళ్ళలో ఈదే కార్లూ ఇస్తాడు. పింగళి అంతకు ముందే గిల్పం, గింబళి ఇచ్చారు. తల్పం లాంటిదే గానీ పడుకున్నవాణ్ణి కింద పడేసేది గిల్పం. కంబళి లాంటిదే గానీ అడుగు పెట్టినవాణ్ణి చుట్టేసేది గింబళి. ఎదుటివాడి నోట నిజం కక్కించే సత్యపీఠం ఉంది. శకుని దాని మీద నిలబడి తన కుట్రంతా తనే చెప్పుకుంటాడు. ప్రియదర్శిని పేటిక ఉంది; మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని! గూఢచారుల పెద్దకి పగలూ రాత్రీ మనసులో మెదిలేది ఎవరో ఇంత నవ్వుగా చెప్పిన సీను మరొకటి ఉందా అన్నది అనుమానమే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ‘మాయాబజార్’లో ప్రేక్షకుడి దగ్గర దాచిందేమీ లేదు. ఆ శశిరేఖ మాయ అని నేల టిక్కెట్టువాడికీ తెలుసు, బాల్కనీలో కూర్చున్న జమీందారుకీ తెలుసు. తెలియనిది బలరాముడికీ, లక్ష్మణకుమారుడికీ. తెలిసినవాళ్ళం మనం కాబట్టే నవ్వు వస్తుంది. హాలంతా కృష్ణుడి కుట్రలో భాగస్వామి అవుతుంది. తెలుగు ప్రేక్షకుడికి గూఢచర్యంలో మొదటి తరిఫీదు ఇలా దొరికింది. రహస్యం మన చేతిలో ఉంది, మోసపోయేది అవతలివాడు.

రెండో వేరు దీనికి పూర్తిగా విరుద్ధం.

ఇంగ్లీషువాడి జేమ్స్ బాండు నవల మొదటిది 1953లో వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1949లో, ఫ్రాన్సులో జాన్ బ్రూస్ అనే రచయిత ఒక గూఢచారిని పుట్టించాడు. అతని నంబరు ఓఎస్ఎస్ 117. ఆ నవలల మీద వరసగా సినిమాలొచ్చాయి. అందులో 1964లో వచ్చిన ఒకటి బ్యాంకాక్‌లో నడిచే కథ. దాని ప్రేరణతో సుందర్‌లాల్ నహతా, డూండీ కలిసి తెలుగులో ఒక సినిమా తీశారు. ఆరుద్ర రాశారు, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వం వహించారు. 1966 ఆగస్టు 11న విడుదలైన ఆ సినిమా ‘గూఢచారి 116’.

ఫ్రెంచివాడి 117 తెలుగులోకి వచ్చేసరికి ఒకటి తగ్గింది. తెలుగునాట నూటపదహారంటే చదివింపుల పళ్ళెంలో పెట్టే శుభసంఖ్య. పెళ్ళికొడుక్కి దక్కే గౌరవమే ఇక్కడ గూఢచారికీ దక్కింది.

హీరో కృష్ణ. ఊరు తెనాలి పక్కన బుర్రిపాలెం, అంటే కృష్ణానదికి ఆ గట్టు. అంతకు ముందు ఏడాది ఆదుర్తి సుబ్బారావు ‘తేనెమనసులు’తో పరిచయం చేసిన కొత్త కుర్రాడు. అందులో ఒకచోట కారుని స్కూటరు మీద వెంటాడి దూకుతాడు. డూండీ ఆ సీను చూసే అతన్ని ఎంచుకున్నారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కన జయలలిత. సినిమా ఆడింది, కృష్ణకి ఆంధ్రా జేమ్స్ బాండని పేరొచ్చింది. మరుసటి ఏడాదే అదే నిర్మాతలు దాన్ని హిందీలో జితేంద్రతో ‘ఫర్జ్’గా తీశారు. తెలుగు సినిమాకి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ అక్కడ డైరెక్టరయ్యాడు. ఫ్రాన్సులో పుట్టిన కథ మద్రాసు మీదుగా బొంబాయి చేరిందన్నమాట.

‘గూఢచారి 116’లో ప్రేక్షకుడికి ముందే ఏమీ చెప్పరు. మొదట్లోనే ఏజెంటు 303 హత్యకు గురవుతాడు. ఆ 303 వేషం వేసింది శోభన్‌బాబు. అప్పటికింకా పెద్ద హీరో కాలేదు కాబట్టి 1966లో ఎవరూ ఉలిక్కిపడి ఉండరు. ఇవాళ టీవీలో ఆ సినిమా పెట్టుకున్న కుర్రవాడికి మాత్రం అది పెద్ద దెబ్బ. అంత అందగాడు, అంత పెద్ద హీరో, పేర్లు పడేలోపే పోవడమేమిటి? సినిమా తీసినవాళ్ళు పెట్టని మెలికని కాలం తెచ్చి పెట్టింది. ఇలాంటివి లెక్కకట్టి రాయడం ఏ రచయిత తరమూ కాదు.

ఆ తరవాత కృష్ణ ఆ దారిని వదల్లేదు. 1971లో ‘జేమ్స్ బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1981లో ‘రహస్య గూఢచారి’. చివరికి 1989లో ‘గూఢచారి 117’ అని ఒకటి వచ్చింది. ఇరవై మూడేళ్ళ కిందట తీసేసిన ఒకటిని అలా తిరిగి కలిపేశారు.

నవ్వు సంగతికొస్తే, ఈ సినిమాల్లో చాలావాటిలో దాని వాటా తక్కువ. హాస్యనటుడు వేరు, హీరో వేరు. హీరో తుపాకీ పేలుస్తాడు, హాస్యనటుడు బీరువాలో దాక్కుంటాడు. ఇద్దర్నీ ఒకే మనిషిలో కలపాలన్న ఆలోచన ఫ్రెంచివాళ్ళు ముందు గట్టిగా పట్టుకున్నారు. 1973లో బెల్మాండో ‘లె మాన్యిఫిక్’ అనే సినిమా చేశాడు. చౌకబారు గూఢచారి నవలలు రాసుకునే ఒక పేద రచయిత, తన హీరోగా తననే ఊహించుకుంటాడు. ఇంట్లో ప్లంబరు విసిగిస్తే నవలలో ఆ ప్లంబరుని చంపేస్తాడు. అర్ధ శతాబ్దం తరవాత, 2024లో, ‘ఆర్గైల్’ అనే ఇంగ్లీషు సినిమా మళ్ళీ గూఢచారి నవలల రచయిత్రినే కథానాయికని చేసి, మెలిక మీద మెలిక వేసింది. ఎన్ని వేసిందంటే, మూడో నాలుగో మెలిక తరవాత ఎవరు ఎవరైతేనేం అనిపిస్తుంది. అంతకు ముందే, 1994లో, ష్వార్జ్‌నెగర్ ‘ట్రూ లైస్’ చేశాడు: భార్యకి కంప్యూటర్లు అమ్మేవాడిగా, ప్రభుత్వానికి గూఢచారిగా బతికే మొగుడి కథ. అది కూడా 1991 నాటి ఫ్రెంచి సినిమా ‘లా తొతాల్’కి రీమేకే. చివరికి 2006లో ఫ్రెంచివాళ్ళు తమ ఓఎస్ఎస్ 117నే వెక్కిరిస్తూ ఒక సినిమా తీశారు. అందులో ఏజెంటు తన తెలివితక్కువతనాన్ని గమనించనంత తెలివితక్కువవాడు. మన 116కి అతను వరసకి అన్నగారని అక్కడివాళ్ళకి తెలిసే అవకాశం లేదు.

తెలుగులో తుపాకీకి నవ్వు తోడవడం ఈ సినిమాల కంటే పుస్తకాల్లో ఎక్కువ జరిగింది. పాకెట్ పుస్తకాల్ని ఇంటింటికీ చేర్చిన ఎమెస్కో పుట్టింది బందరులోనే. ఇక అద్దె పుస్తకాల కొట్లు గుడివాడలోనూ ఉండేవి, అవనిగడ్డలోనూ ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు, ఆ తరవాత మధుబాబు షాడో అక్కడే దొరికేవారు. షాడో ఎప్పుడూ నవ్వడు. నవ్వించే పని గంగారాంది. ఎక్కడ ఏ ప్రమాదంలో ఉన్నా అతనికి ముందు గుర్తొచ్చేది తిండే. వీటిని రాత్రికొకటి చొప్పున నమిలిన తరం సినిమా హాలుకొచ్చి, సగం కథ నడవకముందే పక్కవాడి చెవిలో చెప్పేసేది: ‘ఆ బాసుగాడే దొంగ, చూస్తూండు.’

1986లో జంధ్యాల ‘చంటబ్బాయ్’ తీశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల. చిరంజీవి అందులో డిటెక్టివు పాండురంగారావు. అప్పటికే చిరంజీవి అంటే ఫైట్లూ, స్టెప్పులూ. ఆయన్ని తెచ్చి చాప్లిన్ వేషం వేయించి, మాటమాటకీ నవ్వించారు. హాల్లో మొదటివారం అభిమానులకి ఇది అయోమయంగానే ఉంది. ఇవాళ మాత్రం దాన్ని తలచుకోని హాస్యప్రియుడు ఉండడు. ఒక పెద్ద హీరో తనని తాను తేలిక చేసుకోవడం కూడా ఒక మెలికే. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’కి తాత వరసయ్యేది ఈ చంటబ్బాయే. నెల్లూరులో ఒక ఇరుకు ఆఫీసు, దాని పేరు ఎఫ్‌బీఐ, విప్పి చదివితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నవీన్ పోలిశెట్టి హీరో, ఆర్.ఎస్.జె. స్వరూప్ దర్శకుడు. సగం దాకా ఒళ్ళు మరిచి నవ్వించి, ఆ నవ్వుతున్న నోరు అలాగే ఉండగా కథని చీకటిలోకి తిప్పేశారు. ఆ మలుపు ఏమిటో ఇక్కడ చెప్పడం కుదరదు. ఇంకా చూడనివాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు. దానికి ఏడాది ముందు, 2018 ఆగస్టు 3న, శశికిరణ్ తిక్క దర్శకత్వంలో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చింది. అందులో నవ్వు అంతంతమాత్రం, నమ్మకద్రోహమే సినిమా అంతా. రెండూ ఆడాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. నవ్వించాలంటే ప్రేక్షకుడికి ముందే చెప్పాలి. ఉలిక్కిపడేట్టు చేయాలంటే దాచాలి. గూఢచారి కామెడీ రెండు పనులూ ఒకే టిక్కెట్టుకి చేస్తానంటుంది.

ఇందులో హాలు పాత్ర కూడా ఉంది, అది తక్కువేమీ కాదు. తెలుగు సినిమా రాసేవాళ్ళు ఇంటర్వెల్ దగ్గర ఏం పేలాలో ముందే చూసుకుంటారు. ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, ఏకబిగిన నడుస్తుంది. ఇక్కడ హాలువాళ్ళే ఎక్కడో ఒకచోట ఆపాలి. ఒక్కోసారి హీరో తలుపు తెరవబోతుండగా లైట్లు వెలుగుతాయి. డైరెక్టరు కలలో కూడా అనుకోని మెలిక అది. తలుపు వెనక ఎవరున్నారన్న పంచాయితీ సమోసాల బల్ల దగ్గర మొదలవుతుంది. ‘వాళ్ళావిడేరా’ అంటాడొకడు. ‘ఆవిడ మొదటి ఫైటులోనే పోయిందిగా’ అంటాడు ఇంకొకడు. ‘శవాన్ని చూపించారా? చూపించలేదుగా!’ ఈ మూడో మాట అన్నవాడు యుగంధర్ని చదివినవాడైనా అయి ఉండాలి, చదివినవాడి కొడుకైనా అయి ఉండాలి. ఇంటి దగ్గర ఫోనులో చూసేవాడికి ఈ పంచాయితీ లేదు. అనుమానం వస్తే పది సెకన్లు వెనక్కి జరుపుకుంటాడు, ఆ మెలిక అక్కడే చచ్చిపోతుంది.

హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ విడుదల చేసినప్పుడు, సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపవద్దని హాళ్ళకి షరతు పెట్టాడు. ఆ షరతు డెల్టాలో పెడితే సగం హాలు బయటే ఉంటుంది. కోడూరు నుంచో నాగాయలంక నుంచో బయల్దేరిన కుటుంబం పులిగడ్డ దాటి బందరు చేరేసరికి ఏజెంటు 303 ఎప్పుడో పోయి ఉంటాడు.

ఇంతకీ ఫ్రెంచివాళ్ళతో బందరు బంధం సినిమాలతో మొదలైంది కాదు. ఊళ్ళో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక, 1947 అక్టోబరు దాకా అక్కడ వాళ్ళ హక్కు మిగిలే ఉంది. అంతకు చాలా ముందు, 1759లో, బందరు కోటలో ఒక రాత్రి జరిగిన కథ ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ గూఢచారి కామెడీగా తీయకపోవడం అన్యాయమనే చెప్పాలి.

కోట ఫ్రెంచివాళ్ళది, లోపల దళపతి కాన్‌ఫ్లాన్స్. బయట ముట్టడి వేసినవాడు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, అతని వెంట విజయనగరం ఆనందరాజు సేన. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు. జీతాలు అందక అతని సొంత సైనికులే ఒక దశలో మొండికేస్తే, దొరికే కొల్లలో వాటా ఇస్తానని ఒప్పించాడు. మందుగుండు రెండు రోజులకి మించి లేదు. వెనక నుంచి నిజాము సలాబత్‌జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. నైరుతి వైపు ఊబి, అటునుంచి మనిషనేవాడు రాలేడని కోటవాళ్ళ ధీమా. ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఆ ఊబిలోంచే కెప్టెన్ నాక్స్ మనుషులు నడుచుకుంటూ వచ్చి కాల్పులు మొదలుపెట్టారు. అది ఉత్తుత్తి దాడి. కోట గుమ్మం దగ్గర ఆనందరాజు మనుషులు చేసిన హడావిడీ అంతే. అసలు దాడి ఈశాన్యం బురుజు మీద. అక్కడ గోడెక్కి లోపలికి దిగిన కెప్టెన్ యార్క్ దళంలో ఎవడో మందుగుండు కొట్టు చూసి, ‘మందుపాతర!’ అని కేకేశాడు. అంతే, దళమంతా వెనక్కి పరుగు. చీకట్లో యార్క్ పక్కన మిగిలింది ఇద్దరు డప్పు వాయించే కుర్రాళ్ళు. వాళ్ళు పారిపోలేదు, డప్పు ఆపలేదు. యార్క్ వెళ్ళి పారిపోయినవాళ్ళని తిట్టి మళ్ళీ తోలుకొచ్చాడు.

ఇక్కడ రచయిత తేల్చుకోవాల్సిందొకటి ఉంది. ఊబిలోంచి వచ్చేది ఉత్తుత్తి దాడి అని ప్రేక్షకుడికి ముందే చెబితే, కాన్‌ఫ్లాన్స్ అటూ ఇటూ పరుగెడుతుంటే హాలంతా కడుపు పట్టుకుని నవ్వుతుంది. అది పింగళి దారి. దాచిపెడితే ఈశాన్యం బురుజు మీద తొలి తల కనిపించగానే హాలు ఉలిక్కిపడుతుంది. అది నూటపదహారు దారి. ఏ దారిలో వెళ్ళినా తెల్లవారి సీను మాత్రం రాసి పెట్టే ఉంది. ఫ్రెంచి దళపతి లొంగిపోయాడు. 500 మంది ఐరోపా సైనికులూ, 2,500 మందికి పైగా సిపాయిలూ ఆయుధాలు కింద పెట్టారు. అందర్నీ వరసలో నిలబెట్టి లెక్క చూస్తే, పట్టుకున్న ఇంగ్లీషు దళం కంటే పట్టుబడ్డవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు.